పదికి తొమ్మిది

“యూ ఆర్ ఫైర్డ్!”

క్లాసంతా గొల్లున నవ్వింది. ఇంగ్లీషు మాస్టారు తల పట్టుకున్నారు.

“అది మాట కాదమ్మా, తూటా!” అన్నారు. ఆ పూట నుంచి అలా అన్న మేనేజరమ్మకు తూటా మేడమ్ అనే పేరు ఖాయమైపోయింది.

మాస్టారు ఆ కంపెనీలో మేనేజర్లకు బిజినెస్ ఇంగ్లీషు నేర్పుతారు. అందులోనూ నుడికారాలు ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. జీతం పెంచమన్నవాడికి లేదనకుండానే లేదని చెప్పడం, పనిలోంచి తీసేసేటప్పుడు ఆ ముక్క నోట రాకుండానే తీసెయ్యడం ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

“‘వుయ్ ఆర్ లెటింగ్ యూ గో’ అనాలి. వాడేదో పంజరంలో ఉన్నట్టు, మనం దయతలచి తలుపు తీసినట్టు ఉండాలి. ఎందుకని అడిగితే ‘ద కంపెనీ ఈజ్ గోయింగ్ ఇన్ ఎ డిఫరెంట్ డైరెక్షన్’. ఏ దిక్కుకని ఎవడూ అడగడు. వివరణలు వద్దు. తెలుగు అసలే వద్దు, తెలుగులోకి జారామంటే మనసు బయటపడిపోతుంది. అవతలివాడు మనకు థాంక్యూ చెప్పి మరీ వెళ్లాలి. దెబ్బ తగిలిందని లిఫ్టు ఎక్కాక తెలియాలి!”

అందరూ పడీపడీ నవ్వారు. తూటా మేడమ్ ఒక్కతే నవ్వలేదు.

“అంత మెత్తగా గొంతు కొయ్యడం పాపం కాదా మాస్టారూ?”

“పాపపుణ్యాలు సిలబస్‌లో లేవమ్మా.”

ఈ బ్యాచ్‌లో అందరూ పాసైతే పర్మనెంట్ చేస్తామని కంపెనీ ఆయనకు ఆశపెట్టింది. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే నెట్టుకొస్తున్న మనిషి. ఇంటికి వెళ్లేసరికి భార్య గుమ్మంలోనే అడుగుతుంది, “ఏమైనా తేల్చారా?” అని. ఆ గుమ్మం దాటాలంటేనే ఆయనకు ప్రాణం మీదికొస్తోంది.

పరీక్ష అంటే రాతపని కాదు. మాస్టారు ఉద్యోగిలా ఎదురుగా కూర్చుంటారు. మేనేజరు ఆయన్ను తీసెయ్యాలి. అందరూ గట్టెక్కారు. ఆ రోజు హెడ్డాఫీసు మీటింగుకు వెళ్లిన తూటా మేడమ్ ఒక్కతే మిగిలిపోయింది. మిగిలి మిగిలి ఆవిడే మిగలాలా అని మాస్టారు రాత్రంతా మథనపడ్డారు.

మర్నాడు ఆవిడే ఫోన్ చేసింది. “ఒకసారి నా గదికి వస్తారా మాస్టారూ?”

మాస్టారు మార్కుల కాగితం పట్టుకుని పరుగున వెళ్లారు.

బల్లమీద మంచినీళ్ల గ్లాసు, దాని పక్కనే టిష్యూల పెట్టె. ఆయన చెప్పిన చోట చెప్పినట్టే ఉన్నాయి. ఆమె మాత్రం పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది.

“భయపడకండమ్మా. మొదలుపెట్టండి” అని, బిక్కముఖం వేసుకుని కూర్చున్నారు.

ఆమె గొంతు సవరించుకుంది. కంపెనీ డిఫరెంట్ డైరెక్షన్‌లో వెళ్తోందంది. ఎట్ ద ఎండ్ ఆఫ్ ద డే, తన హ్యాండ్స్ టైడ్ అంది. వుయ్ ఆర్ లెటింగ్ యూ గో, నథింగ్ పర్సనల్ అంది. ఎక్కడా తడబాటు లేదు. మాస్టారికి ఒళ్లు పులకరించింది.

“ఐ అండర్‌స్టాండ్” అన్నారు గద్గదంగా. తన నటన కూడా బ్రహ్మాండంగా కుదిరిందనిపించింది.

ఆమె చెయ్యి చాచి ఐడీ కార్డు అడిగింది. ఇది ఆయన పాఠంలో లేదు. సొంత తెలివే! మురిసిపోతూ మెడలోంచి తీసి ఇచ్చారు. ఆమె దాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది. కళ్లనిండా నీళ్లు.

“నన్ను క్షమించండి మాస్టారూ. ఇది నిజంగా...”

“అదిగో, తెలుగు! పైగా వివరణ!” మాస్టారు వేలు చూపించి ఆపేశారు. “ఒక మార్కు పోయింది. పదికి తొమ్మిది. ఆ చివరి ముక్కే చెడగొట్టింది గానీ, లేకపోతే నూటికి నూరుపాళ్లూ. థాంక్యూ అమ్మా, నా పరువు నిలబెట్టారు!”

ఆమె నోరు తెరిచింది.

మాస్టారు అప్పటికే వరండాలో ఉన్నారు, ఫోన్ చెవికి ఆనించుకుని. “ఆఖరి మనిషి కూడా పాసైంది. ఇక దిగులుపడకు. ఉద్యోగం మనదే!”

లిఫ్టు ఎక్కారు. క్లాసు గది పై అంతస్తులో ఉంది. పైకి వెళ్లాలంటే కార్డు తాకించాలి. అలవాటుగా ఛాతీ తడుముకున్నారు. కార్డు లేదు. మీట నొక్కితే ఎర్ర దీపం వెలిగి ఆరిపోయింది. కిందికి వెళ్లి వీధిలో పడటానికి మాత్రం ఏ కార్డూ అక్కర్లేదు. కింద ఎవరో లిఫ్టును పిలిచారు. తలుపులు మూసుకున్నాయి. సొరుగు తాళం పడిన చప్పుడు ఎందుకో చెవిలో మళ్లీ వినిపించింది.

తాను తొమ్మిది మార్కులు వేసి వచ్చింది తన ఉద్యోగం ఊడబెరికిన మాటలకని, లిఫ్టు కిందికి కదిలాక గానీ మాస్టారికి తెలియలేదు.