తీరిగ్గా చూడండి

"ఆ నెమలికంఠం రంగుది కూడా తీయమ్మా," అంది పట్టుచీర ఆవిడ.

నగ్మా తీసింది. అప్పటికే కౌంటరు మీద చీరలు గుట్టపడి ఉన్నాయి.

తెనాలి బోసు రోడ్డులో హనుమాన్‌ప్రసాద్ గారి చీరల షాపులో మనుషులు రెండు రకాలు. కూర్చునేవాళ్లు కస్టమర్లు. నిలబడేవాళ్లు సేల్స్ అమ్మాయిలు. మెత్తటి కుర్చీలన్నీ కౌంటరుకి ఇవతలే. అవతల ముక్కాలిపీట కూడా లేదు. పొద్దున షట్టరు లేచింది మొదలు రాత్రి పడేదాకా నిలబడాల్సిందే. అన్నం కూడా గోడౌన్లో మూటల మధ్య నిలబడే తినాలి. ఎవరైనా ఓవర్‌టైం డబ్బుల మాటెత్తితే అయ్యగారికి ఆ పూటకి చెవుడొచ్చేస్తుంది.

సాయంత్రానికి నగ్మా కాళ్లు బూరెల్లా పొంగుతున్నాయి. రోజూ కాసేపైనా కూర్చో, లేదా ఈ ఉద్యోగం మానెయ్ అన్నాడు డాక్టరు. మానేస్తే ఇంటి అద్దె ఎవరు కడతారో ఆయన చీటీలో రాయలేదు.

పోయిన నెల ధైర్యం చేసి అడిగింది. "సార్, పని మధ్యలో విశ్రాంతి ఇవ్వాలని చట్టం ఉందంటండి. ఒక స్టూలైనా వేయించండి."

"చట్టాన్ని నేను కాదన్నానా తల్లీ? ఫ్రేము కట్టించి మరీ పెట్టాను." లక్ష్మీదేవి పటం పైకి చూపించాడు హనుమాన్‌ప్రసాద్. నిజమే, ఉంది. చదవాలంటే నిచ్చెన కావాలి. "మీరు కూర్చుంటే కస్టమరు లేచిపోతాడమ్మా. వ్యాపారం అంటే అంతే."

నగ్మా వెళ్లి చీరలు మడతపెట్టుకుంది. ఆ గొడవ అంతటితో వదిలిందనుకున్నాడాయన.

ఈ పట్టుచీర ఆవిడ రావడం ఈ వారంలో ఇది మూడోసారి. వస్తుంది, కూర్చుంటుంది, చెప్పులు విప్పి కాళ్లు బారజాపుతుంది. పెళ్లి బేరం అంటుంది. ఆ మాట చెవిన పడగానే హనుమాన్‌ప్రసాద్ స్వయంగా బాదంపాలు తెప్పిస్తాడు. ఆవిడ నింపాదిగా తాగి, ఒక్క చీరా కొనకుండా లేచి వెళ్లిపోతుంది.

"ఈ పెళ్లి బేరం ఆవిడది కొనే మొహమేనంటావా?" పక్కన మడతలు పెడుతున్న సునీల గొణిగింది. "మన నడుములు విరగ్గొట్టడానికి కాకపోతే."

నగ్మా నవ్వింది. ఆవిడ కొంగు చివర తెల్లదారం ఒకటి వేలాడుతుంటే, చీర పరిచే వంకతో దాన్ని లోపలికి దోపింది.

"తొందరేం లేదు మేడమ్, తీరిగ్గా చూడండి."

ఆవిడ తీరిగ్గానే చూసింది. లేచేటప్పుడు మాత్రం గల్లాపెట్టె దాకా వినబడేలా అంది. "ఇదే చీర ఆ సెంటర్లో కొత్తగా పెట్టిన షాపులో బాగా తక్కువకి ఇస్తున్నారమ్మా."

హనుమాన్‌ప్రసాద్‌కి ఏమీ తాగకుండానే పొలమారింది.

భోజనాల వేళ దాటగానే నగ్మాని పిలిచాడు. "నువ్వెళ్లి వాళ్ల రేట్లన్నీ కనుక్కురా. కొనేదానిలా వెళ్లాలి సుమా." అద్దాల్లో నిలబెట్టిన బొమ్మ ఒంటి మీది పట్టుచీర విప్పించి చేతికిచ్చాడు. "దారంతో ఉన్న ఆ రేటు చీటీ తెంపకు. మళ్లీ బొమ్మకే కట్టాలి. కనబడకుండా దోపుకో."

"నాకు చేతనవుతుందాండి?" అంది నగ్మా తల వంచుకుని.

"ఏముందమ్మా అందులో? దర్జాగా కూర్చో. పెళ్లి బేరం అని చెప్పు. ఊరికే లేచొచ్చావంటే అనుమానం వస్తుంది. గంటైనా సరే, కుర్చీలోంచి కదలకు."

"మీరు చెప్పాక తప్పుతుందాండి," అంది నగ్మా.

బొమ్మ కంటే నగ్మాకే ఆ చీర బాగుందని సునీల అంది. పాపం, ఎండలో పంపిస్తున్నాడని జాలి కూడా పడింది.

కొత్త షాపులో నగ్మా మెత్తటి కుర్చీ చూసుకుని కూర్చుంది. చెప్పులు విప్పి, వాచిన కాళ్లు బారజాపింది. ప్రాణం లేచొచ్చింది. పెళ్లి బేరం అన్న మాట వినగానే గల్లా దగ్గరి పెద్దమనిషి బాదంపాలకి కేకేశాడు.

కౌంటరు వెనక యూనిఫాం చీరలో నిలబడి ఉన్న ఇందాకటి పెళ్లి బేరం ఆవిడ, నగ్మా కొంగు చివర వేలాడుతున్న దారాన్ని లోపలికి దోపి, "తొందరేం లేదు మేడమ్, తీరిగ్గా చూడండి," అంది.