బోనులో జనం

"నోరు తెరు."

"తెరవను!"

నోరు తెరిచే చెప్పింది చిట్టి. చెంచా చేరేలోపు మూసేసింది.

గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎవరూ కుర్చీలోంచి లేవకూడదన్న రూలు వాళ్లమ్మదే. అందులో తనే ఇరుక్కుంది. పక్కగదిలో కుట్టుమిషను, సగం కుట్టిన బట్టలు తన కోసం కాచుకుని ఉన్నాయి. వీధి వీధంతటి కొలతలూ తెలిసిన టైలరమ్మకి కన్నకూతురి ఆకలి కొలత మాత్రం దొరకలేదు.

అది భోజనం కాదు, బోనులో జనం.

చిట్టి తెల్లగా ఉంటేనే తింటుంది. అన్నం, పాలు, బ్రెడ్డు. బ్రెడ్డుకి అంచులు తీసేయాలి.

"పాలకూరలో పాలున్నాయే తల్లీ!"

"మరి తెల్లగా లేదేం?"

టైలరమ్మ మళ్లీ చెంచా ఎత్తింది. అంతలో చిట్టి కిటికీలోకి చూసి కిసుక్కుమంది.

సందుకి అవతల, ఎదురింటి కిటికీలో, ఈమధ్యే దిగిన ఓ ముసలాయన. క్యారెట్ ముక్క ఎత్తి చిట్టికి చూపించి, నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని లొట్టలేశాడు.

"నాక్కూడా అదే!"

టైలరమ్మ చేతిలో చెంచా జారింది.

మర్నాడు బీన్స్. ఆ తర్వాత బీట్‌రూట్. చివరికి పాలకూర కూడా! ఆయన బుగ్గ ఉబ్బిస్తే ఇదీ ఉబ్బించడం, ఆయన తల ఊపితే ఇదీ ఊపడం.

సంతోషించాల్సింది పోయి టైలరమ్మకి ఒళ్లు మండింది. కన్నతల్లి కాళ్లావేళ్లా పడితే దిగని ముద్ద, ముక్కూమొహం తెలీని ముసలాయన్ని చూస్తే దిగుతుందా? ఇంత వయసొచ్చి ఆ తిండియావేమిటి? పరాయి కొంపలోకి ఆ చూపులేమిటి?

మిగిలిన గుడ్డలన్నీ కలిపి మందపాటి పరదా కుట్టి, కిటికీకి బిగించేసింది. బోనుకున్న ఒక్క కంతా మూసుకుంది.

చిట్టి మళ్లీ తెల్లన్నానికి వచ్చింది. తర్వాత అదీ మానేసింది.

"తాతేడీ?" అనడానికి తప్ప నోరు తెరవదు.

బుగ్గలు లోపలికి పోయాయి. చివరికి టైలరమ్మే రోషం మింగింది. ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి మింగాలి కదా!

పరదా పీకేసింది. ఎదురు కిటికీ మూసి ఉంది.

చిట్టిని చంకనేసుకుని వెళ్లి తలుపు తట్టింది. కళ్లు వాచిన ఒకావిడ తీసింది. వెనక మంచం మీద పరుపు చుట్టి ఉంది.

"పెద్దాయన లేరాండీ?"

"నాన్న మొన్న పోయారు."

టైలరమ్మ చంకలోని చిట్టిని దగ్గరికి హత్తుకుంది.

"మా పాపకి తిండి నేర్పారండీ. అంత ఇష్టంగా తినే మనిషిని నేనెక్కడా చూడలేదు."

"ఇష్టంగానా?" ఆవిడ వింతగా చూసింది. "జబ్బు చేసినప్పట్నుంచీ ఏం తిన్నా మట్టి మింగినట్టే ఉండేదాయనకి. నేనెంత బతిమాలినా ముద్ద ముట్టేవారు కాదు. ఈ ఇంటికొచ్చాకే, 'నేను మొహం చిట్లిస్తే ఎదురింటి పాప తినదమ్మా' అంటూ తనే గిన్నె పట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేవారు."

ఆవిడ చిట్టి తల నిమిరి, మెల్లగా అంది.

"మీరు పరదా వేసిన రోజు, 'పాప సొంతంగా తినడం నేర్చేసుకుంది, ఇక నా పనైపోయిందమ్మా' అని నవ్వుతూ గిన్నె పక్కన పెట్టేశారు."