నత్త నెత్తిన గుడి

ముందు ఉడుత పేరు పిలిచారో, కప్ప పేరు పిలిచారో, నాకు వరస తప్పవచ్చు. మూడో పేరు మాత్రం నత్తదే.

చెరువుగట్టు బడిలో ఉపకారవేతనం పరీక్ష నెగ్గినవాళ్ల పేర్లు వేపమాను మీద చెక్కించడం ఆనవాయితీ. కొంగ మాస్టారు పేర్లు చదువుతుంటే వడ్రంగిపిట్ట టకటకా చెక్కేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నత్త మెల్లగా మాను దగ్గరికి పాకి, తన పేరు చూసుకుని బిక్కమొహం వేసింది. అక్కడ ‘నత్తి’ అని ఉంది.

“న... న... నత్తీ!” అని కప్ప వెక్కిరించింది.

“పిట్టమావా, ఇప్పటికే ఇల్లు మోస్తున్నాను. నా నెత్తిన గుడి కూడా పెట్టావేం?” అంది నత్త.

“తొందరలో పడిపోయిందే తల్లీ. చెక్కింది ఎలా చెరపను?” అని పిట్ట తల దించుకుంది.

“పోనీలేమ్మా, చిన్న గుడే కదా” అన్నారు మాస్టారు.

“నా పేరు చూడాలని మా అమ్మ బయలుదేరింది మాస్టారూ. ఎల్లుండికి వచ్చేస్తుంది.”

మూడో రోజున తల్లి నత్త వచ్చింది. మాను కేసి తలెత్తి, కూడబలుక్కుని చదివింది.

“న... త్త. నత్త! మా పిల్లే!”

గుడి ఆమెకు కనబడలేదు. పిల్ల నత్త పొద్దున్నే ఎక్కి, సరిగ్గా దాని మీదే కూర్చుంది. ఈసారి అందరికంటే ముందు కప్పే చప్పట్లు కొట్టింది.

అప్పటినుంచి వడ్రంగిపిట్ట ప్రతి పేరూ రెండుసార్లు అడిగి మరీ చెక్కుతోంది.

హైమా, మన బడిలో ఉపకారవేతనం వచ్చిన పిల్లల జాబితా రాశాను, నువ్వూ ఈ పేర్లన్నీ ఒకసారి చూడవే. ఎవరి నెత్తినైనా నేను గుడి పెట్టానేమో.