మూడు నిమిషాల డ్రిల్లు

గంట మోగిన మూడు నిమిషాలకల్లా బడి మొత్తం మైదానంలో వరసగా నిలబడింది. హెడ్మాస్టరు భీమశంకరరావు గడియారం చూసుకుని, ఆ మూడు నిమిషాలూ తానే కనిపెట్టినట్టు మురిసిపోయాడు.

విశాఖపట్నం ఫైర్ స్టేషన్ నుంచి తనిఖీకొచ్చిన ఆఫీసరు అడిగాడు. "లోపల ఎవరూ మిగల్లేదు కదా?"

"ఒక్కరు కూడా లేరు సార్."

"నానున్నాను సార్!"

మేడమీద కిటికీలోంచి పదో తరగతి గౌరీశ్వరి చెయ్యి ఊపుతోంది. పోలియోతో ఆమె రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. పోర్టులో కళాసీగా పనిచేసే తండ్రి పొద్దున ఎత్తుకొచ్చి బెంచీ మీద కూర్చోబెడితే, సాయంత్రం ఆయన వచ్చేదాకా అక్కడే ఉంటుంది.

ఆఫీసరు మెట్లెక్కాడు. హెడ్మాస్టరు వెనకాలే పరిగెత్తాడు.

"మెట్లమీద అందరికీ అడ్డమని ఈ పిల్లని నేనే కదలొద్దన్నాను సార్. నిజంగా మంటలొస్తే నలుగురు కుర్రాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి దించేస్తారు. ప్లానులో రాశాను."

ఆఫీసరు ఆయన్ని పట్టించుకోకుండా గౌరీశ్వరి వైపు తిరిగాడు. "నిన్ను దించాలంటే ఏం చెయ్యాలమ్మా?"

"నన్ను దించడమేటి సార్? మా క్లాసునే కిందకి మార్సీమనండి. హెడ్మాస్టరుగారి రూము కిందే ఉంది. ఆయన్ని పైకి వచ్చీమనండి."

హెడ్మాస్టరు పళ్లు కొరికాడు. "నోరు ముయ్యి! ఈ వయసులో రోజూ ఇన్ని మెట్లు నేను ఎక్కి దిగగలనా?"

గౌరీశ్వరి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"దిగగలరు సార్. మొన్న లేబొరేటరీలో పొగొచ్చినప్పుడు మీరు ఈ క్లాసులోనే పాఠం సెప్తన్నారు. పిల్లలందరికన్నా ముందు మీరే దిగిపోనారు. నానిక్కడే ఉండి సూసినాను."