అందని అర

గురువారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, దుకాణం వెనక సిగార్ల గదిలో, ఒక పెట్టెలోని సిగార్లకు పట్టిన బూజు యజమాని కంటపడింది.

పెట్టె మామ్మ చేతిలో ఉంది.

ఆమె యజమానికి బంధువేమీ కాదు. మూడు నెలలుగా ప్రతి గురువారం వస్తుంది. అరగంట ఆ గదిలో సిగార్లు వాసన చూస్తూ గడిపి, అన్నిటికన్నా చవకైన సిగారు ఒకటి కొనుక్కుపోతుంది. మనిషి నాలుగున్నర అడుగులు. యజమాని భార్య ఆమెకు పెట్టిన పేరు వాసన మామ్మ.

"ఏం చేస్తున్నారు మామ్మగారూ?"

"తుడుస్తున్నాను నాయనా. దీనికి ఇప్పుడే మొదలైంది."

రెండో చేతిలో స్పిరిట్‌తో తడిపిన గుడ్డ ఉంది.

"మిమ్మల్నెవరు తుడవమన్నారు?"

"గదిలో చెమ్మ ఎక్కువైంది. పై అరలో మరీనూ. అది నాకందదు. స్టూలు వెయ్యమంటే మీ ఆవిడ నవ్వింది."

యజమాని గోడ మీది తేమ మీటరు చూశాడు. అరవై ఎనిమిది. సిగారు ఎండకుండా, బూజు పట్టకుండా ఉండాల్సిన లెక్క అదే.

"మీటరు బాగానే ఉందిగా."

"గదికి తేమనిచ్చే నీళ్ల డబ్బా పై అర మీద పెట్టావు. మీటరు నడుమెత్తున కొట్టావు. దాని చుట్టూ ఉన్నదే అది చెబుతుంది."

"మీరు చెయ్యి పెట్టని పెట్టె ఉందా ఇక్కడ? ఒకదాని బూజు ఇంకోదానికి అంటించింది మీరే."

మామ్మ గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది.

"పై అరలోవి ఒక్కసారి దించి చూడు నాయనా."

"ఇక రాకండి."

ఆ రోజు ఆమె సిగారు కొనలేదు.

దుకాణం అప్పటికే తుమ్మితే ఊడే ముక్కులా ఉంది. శనివారం పెద్ద హోటలుకు పన్నెండు పెట్టెలు పంపాలి. నచ్చితే ఏడాది ఆర్డరు. నచ్చకపోతే నెలాఖరుకు షట్టరు దించడమే.

"కింది మూడు అరలూ ఖాళీ చెయ్," అన్నాడు భార్యతో.

"ఇరవై ఆరు పెట్టెలండీ. ఒక్కొక్కటీ తెరిచి చూద్దాం."

"పైకి బాగానే కనిపిస్తాయి. గంపంతా పాడవడానికి ఒక్క పండు చాలదూ?"

"మరి హోటలుకో?"

"పై అరలోవి. మామ్మ చెయ్యి పడనివి అవే."

"వాటినైనా తెరిచి..."

"సీలు విప్పి పంపితే ఎవరైనా తీసుకుంటారా?"

మధ్యాహ్నం రెండింటికి చెత్త లారీ ఇరవై ఐదు పెట్టెలు తీసుకుపోయింది. పారేయడానికి మనసొప్పక, ఇరవై ఆరోది భార్య కౌంటరు కింద దాచింది.

శనివారం పదకొండింటికి హోటలు మేనేజరు ఫోన్ చేశాడు.

"పన్నెండు పెట్టెలూ తెరిచామండీ. పన్నెండింటికీ బూజే."

యజమాని ఫోను చెవి నుంచి దించి, "అన్నిటికీ బూజేనట," అన్నాడు భార్యతో.

భార్య కౌంటరు కింది పెట్టె తీసి మూత ఎత్తింది. ఒక్కో సిగారూ తిప్పి చూసింది. ఇరవై ఐదు. ఒక్కదానికీ మచ్చ లేదు.

"ఏవండీ," అని పెట్టె అతని ముందుకు తోసింది. "ఇది మామ్మ పోయిన వారం తుడిచింది."

"లైన్లో ఉన్నారా?" అన్నాడు మేనేజరు.

"ఇంకొక్క అవకాశం ఇవ్వండి సార్."

"నా చేతిలో లేదండీ. అసలు మీ దుకాణం మాకేం తెలుసు? ఒకరి మాట మీద ఇచ్చాం."

"ఎవరి మాట?"

"మా సిగార్ల గదిని ముప్పై ఒక్క ఏళ్లు చూసిన మనిషి. ఈ ఏడాదే మానేశారు. సరుకు ఎవరి దగ్గర కొనమంటారని అడిగితే మీ పేరు చెప్పారు. ఒకసారి తాను ఒక సిగారు అడిగితే, అది ఎండిపోయింది, అమ్మనన్నారట మీరు."

యజమానికి గుర్తు లేదు.

"వారి నంబరు ఇస్తారా? నేను మాట్లాడతాను."

"నంబరెందుకు? ప్రతి గురువారం మీ దగ్గరికి వచ్చే పెద్దావిడే," అన్నాడు మేనేజరు. "కింది మూడు అరలూ నా చేత్తో చూశాను, కళ్లు మూసుకుని తీసుకోండి అని నిన్న సాయంత్రం కూడా చెప్పారు."