ఎనభై ఎనిమిది

"సంతకం పెట్టండమ్మా. ఇది లేకుండా రేపు మీ కిడ్నీ తీసి ఆయనకు పెట్టరు," అంది నర్సు.

"పది నిమిషాలాగు తల్లీ," అంది భార్య. ఆమె చూపంతా తలుపు మీదే. మంచం మీద భర్త. అతని వేలికి క్లిప్పు, తలాపున చిన్న తెర. గుండె వేగం ఎనభై ఎనిమిది.

అతని మేనమామ కూతురికి కబురు పెట్టింది తనే. ఒకప్పుడు అతనికి అనుకున్న పిల్ల. ఇరవై ఏళ్లుగా "బావా" అన్న ఆ పిలుపు వినపడితే చాలు, ఈమెకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టుంటుంది. మొగుడి మొహం చూసి ఏదీ కనిపెట్టలేం. తెర అబద్ధమాడదుగా! అంకె పెరిగిందా, సంతకం లేదు, కిడ్నీ లేదు.

మరదలు రానే వచ్చింది. వస్తూనే మంచం అంచున చతికిలబడింది.

"ఏం బావా, పుల్లలా అయిపోయావు? అక్క తిండి పెట్టడం లేదా?"

"అక్క పెడుతుంది. డాక్టరే ఉప్పు వెయ్యనివ్వడు," అని నవ్వాడతను.

మరదలు అతని చెయ్యి పట్టుకుంది. భార్య గుండె దడదడలాడింది. తెర మీద మాత్రం ఎనభై ఎనిమిదే.

దాచుకున్న మనసు వీడ్కోలు దగ్గర బయటపడి తీరుతుంది. భార్య కళ్లప్పగించి తెర వైపే చూసింది.

"మళ్లీ చూస్తానో లేదో బావా... వెళ్లొస్తాను," అని మరదలు కళ్లు తుడుచుకుంటూ బయటికి నడిచింది.

ఎనభై ఎనిమిది!

భార్యకు ఏనుగెక్కినంత సంబరం. పెన్ను లాక్కుని సంతకం గీకేసింది. అప్పుడే వచ్చిన డాక్టరుతో, "చూశారా, ఎవరొచ్చినా మా ఆయన గుండె చలించదు!" అంది.

"అదే కదమ్మా జబ్బు! కిడ్నీలు చెడి ఏళ్లయింది. గుండె వేగాన్ని సర్దే నరాలు మొద్దుబారాయి. పులి ఎదురొచ్చినా ఆ అంకె పెద్దగా కదలదు," అన్నాడు డాక్టరు.

ఆమె మొహం వాడిపోయింది. అది చూసి ఆయన ఓదార్పుగా, "బెంగపడకండి. కొత్త కిడ్నీ పెట్టాక చాలామందికి మెల్లగా ఆ నరాలు కోలుకుంటాయి. కావలసినవాళ్లు కనపడితే గుండె మళ్లీ దడదడమంటుంది," అన్నాడు.

భార్య తడి ఆరని సంతకం వంక చూసింది. తలుపు వంక చూసింది. గొంతు తగ్గించి అడిగింది:

"కిడ్నీ పెట్టండి డాక్టరుగారూ, కాదనను. ఆ నరాల్ని మాత్రం ఇలాగే ఉంచెయ్యడం కుదరదా?"