ఎండ పాఠం

1949 మే 11. మిరపకాయలు ఎండబోశాను, వడియాలు పెట్టాను, కూలికి పోయిన తల్లుల పిల్లలకు మా అరుగు మీద ఎండ పాఠం చెప్పాను.

"ఎండల పోతే ఏం గావాలె?"

"నెత్తికి గుడ్డ, కాళ్లకు చెప్పులు!"

మధ్యాహ్నం బీరయ్య వచ్చి తన బిడ్డ పోశవ్వను తీసుకుపోయాడు. ఎదురుగా దొర గడీ రాగానే ఆనవాయితీగా తలగుడ్డ తీసి, చెప్పులు చంకలో పెట్టుకున్నాడు. పిల్ల మాత్రం నేను తొడిగి పంపిన నా సూర్యాపేట చెప్పులు ఈడ్చుకుంటూ నడిచింది.

"పోరీ, చెప్పులు ఇడువు!" దొర అరిచాడు.

"ఎండ గొడ్తుంది దొరా, కనవడ్తలేదా? నాయినా, నువ్వు గూడ తొడుగు!"

దొర కొరడా అందుకుంటాడేమోనని నేను అరుగు దిగాను.

బీరయ్య పైకి చూశాడు, దొరను చూశాడు, చెప్పులు తొడుక్కున్నాడు. "బిడ్డ సదువుకున్నది దొరా. నేనేం జేస్తా?"

మే 12. పొద్దంతా మబ్బు. అయినా గడీ ముందు ఒక్కరూ చెప్పులు విడవలేదు.